యంత్రాల హార్స్‌పవర్‌ను పెంచి చూపారన్న దావాలు: అమెరికా క్లాస్ యాక్షన్ సెటిల్‌మెంట్‌లో క్లెయిమ్ వేసే పూర్తి విధానం

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారి నుంచి ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. లాన్‌మోవర్, వాక్యూమ్, ఎయిర్ కంప్రెసర్ వంటి యంత్రాల శక్తిని పెట్టె మీద ఎక్కువ చేసి రాశారన్న క్లాస్ యాక్షన్ దావాలో సెటిల్‌మెంట్, అంటే రాజీ ఒప్పందం, కుదిరిందని పోస్టుకార్డో ఈమెయిలో వస్తుంది. ఒకే రకంగా నష్టపోయిన వారందరి తరఫున కొందరు వేసే దావాను క్లాస్ యాక్షన్ అంటారు, ఆ సమూహాన్నే క్లాస్ అంటారు. అది నిజమైనదా, డబ్బు వస్తుందా, బిల్లు లేకపోతే ఏం చేయాలి, వీసా మీద ఉన్నవారు కూడా అడగవచ్చా అన్నవి అందరికీ కలిగే సందేహాలే. కార్డు చేతికి వచ్చిన రోజు నుంచి డబ్బు ఖాతాలో పడే వరకు ఏ పని తరువాత ఏ పని చేయాలో ఈ మార్గదర్శి వరుసగా చెబుతుంది. ఇది సాధారణ సమాచారం మాత్రమే. వేల డాలర్ల నష్టం జరిగిన వారు, యంత్రం వల్ల గాయపడిన వారు న్యాయవాదిని సంప్రదించిన తరువాతే ఏ కాగితం మీదనైనా సంతకం చేయాలి.

## 1. వివాదం ఏ అంకె గురించో ముందుగా తెలుసుకోండి

క్లెయిమ్ ఫారం తెరవడానికి ముందు మీ యంత్రం మీద ఉన్న రెండు రాతలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న ప్రకటన, రెండవది యంత్రం వెనుకో అడుగునో అతికించిన నేమ్‌ప్లేట్. చాలా దావాలు ఈ రెండింటి మధ్య ఉన్న తేడా నుంచే పుట్టాయి.

ఒక వెట్-డ్రై వాక్యూమ్ పెట్టె మీద 6.5 పీక్ హార్స్‌పవర్ అని ఉందనుకోండి. నేమ్‌ప్లేట్ మీద 120 వోల్టులు, 12 ఆంపియర్లు అని ఉంటే, రెండింటినీ గుణించగా 1440 వాట్లు వస్తాయి. ఒక హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు కనుక, ఆ మోటారు గోడ ప్లగ్గు నుంచి తీసుకునే శక్తి 1.9 హార్స్‌పవర్ మాత్రమే. అందులోనూ కొంత వేడిగా పోతుంది కాబట్టి బయటకు వచ్చే పని ఇంకా తక్కువ. నిజంగా 6.5 హార్స్‌పవర్ కావాలంటే సుమారు 4850 వాట్లు, అంటే 120 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు కావాలి. ఇళ్లలోని సాధారణ ప్లగ్గుల సర్క్యూట్‌కు 15 లేదా 20 ఆంపియర్ల బ్రేకరే ఉంటుంది. ఈ లెక్క చేయడానికి ఇంజినీరు కానక్కరలేదు, నేమ్‌ప్లేట్ ఫోటో ఒకటి ఉంటే చాలు.

మరి 6.5 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రయోగశాల పరీక్షలో మోటారు కొద్ది క్షణాలపాటు చూపగల గరిష్ఠ శక్తిని పీక్ అంటారు. ఇంట్లో దుమ్ము పీల్చేటప్పుడు మోటారు ఆ స్థాయిలో నడవదు. పెట్రోలు ఇంజిన్ల విషయంలో వివాదం మరొక రకంగా ఉంటుంది. ఇంజినీర్ల సంఘమైన ఎస్‌ఏఈ రూపొందించిన జె1940 అనే ప్రమాణం కింద ప్రకటించే గ్రాస్ హార్స్‌పవర్‌ను మఫ్లర్, ఎయిర్ క్లీనర్ వంటి భాగాలు లేకుండా కొలుస్తారు. ఆ భాగాలన్నీ బిగించి మోవర్ మీద కూర్చోబెట్టిన ఇంజిన్ అంత శక్తి ఇవ్వదు. ఎయిర్ కంప్రెసర్ కొనేటప్పుడు హార్స్‌పవర్ కంటే, 90 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం దగ్గర నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇస్తుందన్న అంకెనే నమ్మాలన్నది నా అభిప్రాయం.

పెద్ద అంకె వేసిన ప్రతిచోటా దావా నిలుస్తుందని మాత్రం అనుకోవద్దు. 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసిన బ్యాటరీ పనిముట్ల మీద, ఆ 20 పని భారం లేనప్పటి ప్రారంభ వోల్టేజి అనీ, సాధారణంగా లెక్కించే (నామినల్) వోల్టేజి 18 అనీ చిన్న అక్షరాలలో వివరణ ఉంటుంది. అటువంటి వివరణ ఉన్నచోట కొనుగోలుదారు మోసపోయాడని కోర్టులో నిరూపించడం కష్టమవుతుంది.

## 2. దావా ఏ దశలో ఉందో చూడండి

దావా వేయడం వేరు, సెటిల్‌మెంట్ కుదరడం వేరు, ఆ సెటిల్‌మెంట్‌ను కోర్టు ఆమోదించడం వేరు. ఏదో సంస్థ మీద దావా వేశారన్న వార్త చదివి, ఆ రోజే ఫారం ఎక్కడ దొరుకుతుందని వెతకడం వృథా శ్రమ. ఫెడరల్ కోర్టులలో ఈ వ్యవహారమంతా సివిల్ ప్రొసీజర్ నియమాలలోని 23వ నియమం ప్రకారం సాగుతుంది. సాధారణ క్రమం ఇది:

- ఫిర్యాదు దాఖలవుతుంది. ఈ దశలో మీరు చేయవలసిందల్లా యంత్రాన్ని, కాగితాలను భద్రపరచడమే.
- ఇరుపక్షాలు సెటిల్‌మెంట్‌కు వస్తాయి. జడ్జి దానికి ప్రాథమిక ఆమోదం ఇస్తారు.
- కొనుగోలుదారులకు నోటీసు వెళుతుంది. మీ పని మొదలయ్యేది ఇక్కడే.
- క్లెయిమ్, మినహాయింపు (క్లాస్ నుంచి బయటకు రావడం), అభ్యంతరం అనే మూడింటికీ గడువులు ముగుస్తాయి. ఈ మూడు తేదీలు ఒకటే కానక్కరలేదు.
- సెటిల్‌మెంట్ న్యాయమైనదా కాదా అన్న విచారణ జరుగుతుంది, తరువాత తుది ఆమోదం వస్తుంది.
- అప్పీళ్లు ఉంటే అవి తేలాక చెల్లింపులు జరుగుతాయి.

2005 నాటి క్లాస్ యాక్షన్ ఫెయిర్‌నెస్ చట్టం ప్రకారం, ప్రతిపాదిత సెటిల్‌మెంట్ గురించి ప్రతివాదులు సంబంధిత ఫెడరల్, రాష్ట్ర అధికారులకు తెలియజేయాలి. ఆ నోటీసు అందిన తరువాత 90 రోజులు గడిచే వరకు కోర్టు తుది ఆమోదం ఇవ్వకూడదు. అందువల్ల ఫారం పంపిన నెలలోనే చెక్కు కోసం ఎదురుచూడవద్దు.

## 3. నోటీసు అసలైనదేనా అని సరిచూడండి

అసలు నోటీసులో కోర్టు పేరు, కేసు నంబరు, జడ్జి పేరు, పరిపాలకుడిగా (క్లెయిములు తీసుకుని డబ్బు పంచడానికి) నియమితమైన సంస్థ చిరునామా, గడువు తేదీలు సాధారణంగా ఉంటాయి. వాటిలో కేసు నంబరును పట్టుకోండి. ఫెడరల్ కోర్టుల పేసర్ వ్యవస్థలో ఖాతా తెరిచి ఆ నంబరుతో వెతికితే అసలు పత్రాలే కనిపిస్తాయి. పేజీకి 10 సెంట్ల చొప్పున, ఒక పత్రానికి 3 డాలర్లకు మించకుండా రుసుము పడుతుంది. మూడు నెలల త్రైమాసికంలో మీ మొత్తం వాడకం 30 డాలర్లు దాటకపోతే ఆ రుసుము కూడా తీసుకోరు.

క్లెయిమ్ వేయడానికి ముందుగా డబ్బు కట్టమని అసలు సెటిల్‌మెంట్ ఏదీ అడగదు. గిఫ్ట్ కార్డు కొనమన్నా, బ్యాంకు పాస్‌వర్డ్ అడిగినా, ఫోన్ చేసి ఈ రోజే ఆఖరు అని తొందరపెట్టినా అది మోసమే. ఈమెయిల్‌లోని లింకు నొక్కవద్దు. కోర్టు పత్రాలలో ఉన్న సైటు చిరునామాను మీరే టైపు చేసి తెరవండి.

## 4. క్లాస్ నిర్వచనాన్ని మాట మాటగా చదవండి

నోటీసు మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం క్లాస్‌లో ఎవరున్నారో చెప్పేది. ఇది ఒక్కటి సరిగ్గా చదివితే మిగిలిన పని సగం పూర్తయినట్టే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ లాన్‌మోవర్ ఇంజిన్ల హార్స్‌పవర్ దావా. దేశంలోని పలు కోర్టులలో వేసిన వ్యాజ్యాలన్నింటినీ విస్కాన్సిన్ తూర్పు జిల్లా ఫెడరల్ కోర్టుకు చేర్చగా, జడ్జి లిన్ అడెల్మన్ వాటిని విచారించారు. సియర్స్, డీర్, టోరో, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, కోహ్లర్, హోండా తదితర సంస్థలు ప్రతివాదులు. తప్పు చేశామని అవి ఒప్పుకోలేదు. 2010లో ఆమోదం పొందిన ఆ సెటిల్‌మెంట్ల మొత్తం 6.5 కోట్ల డాలర్లు. 1994 జనవరి 1 నుంచి 2010 ఏప్రిల్ 12 వరకు, 30 హార్స్‌పవర్ లోపు పెట్రోలు ఇంజిన్ ఉన్న మోవర్‌ను తిరిగి అమ్మడానికి కాక వాడుకోవడానికి కొన్నవారు అందులోకి వచ్చారు. వెనుక నడుస్తూ తోసే మోవర్‌కు గరిష్ఠంగా 35 డాలర్లు, మీద కూర్చుని నడిపే మోవర్‌కు గరిష్ఠంగా 75 డాలర్లు, వాటితో పాటు వారంటీ పొడిగింపు ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ గడువు ఎప్పుడో ముగిసింది, ఇప్పుడు ఎవరూ అందులో క్లెయిమ్ వేయలేరు. కానీ నిర్వచనాన్ని ఎలా విడదీసి చదవాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి నమూనా లేదు.

అదే విధంగా మీ నోటీసును ఈ ప్రశ్నలుగా విడగొట్టండి:

- ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కొని ఉండాలి? కార్డు వచ్చిన తేదీతో గానీ, యంత్రం పాడైన తేదీతో గానీ పని లేదు, కొన్న తేదీయే లెక్క.
- ఎక్కడ కొని ఉండాలి? దేశమంతటా వర్తిస్తుందా, లేక ఒకటి రెండు రాష్ట్రాలకేనా?
- కొత్తదే కావాలా? గరాజ్ సేల్‌లో కొన్న పాత యంత్రం చెల్లుతుందా?
- ఇంటి వాడకానికా, వ్యాపారానికా? గడ్డి కోసే కాంట్రాక్టు పని చేసేవారు ఈ మాటను ప్రత్యేకంగా చూడాలి.
- ఏ తయారీదారు, ఏ మోడళ్లు?
- ఎవరిని బయట ఉంచారు? ప్రతివాది సంస్థల ఉద్యోగులను, జడ్జి కుటుంబాన్ని సాధారణంగా మినహాయిస్తారు.

పౌరసత్వం గురించి ఈ జాబితాలో మాట లేదని గమనించండి. ఇటువంటి క్లాస్‌ను నిర్ణయించేది కొనుగోలు. హెచ్-1బి మీద ఉన్నవారైనా, చదువుకోవడానికి వచ్చినవారైనా, గ్రీన్ కార్డు ఉన్నవారైనా నిర్వచనంలోకి వస్తే సభ్యులే. అమెరికాలో కొని ఇప్పుడు హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లిపోయినవారు కూడా, నిర్వచనం వేరుగా చెబితే తప్ప, సభ్యులుగానే ఉంటారు.

భారతదేశంలో కొన్న యంత్రాలు మాత్రం ఈ సెటిల్‌మెంట్ల పరిధిలోకి రావు. అక్కడ కొన్నవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 35 ఉంది. ఒకే రకమైన నష్టం పొందిన అనేకమంది తరఫున ఒకరో కొందరో వినియోగదారుల కమిషన్ అనుమతితో ఫిర్యాదు వేయడానికి అది వీలు కల్పిస్తుంది. అందుకు మామూలు గడువు రెండేళ్లు, సహాయం అడగడానికి జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915.

## 5. ఆధారాలను ఫారం కంటే ముందే సిద్ధం చేసుకోండి

ఆన్‌లైన్ ఫారం తెరిచాక మోడల్ నంబరు కోసం గరాజ్‌లోకి పరిగెత్తేవారు ఎక్కువ. ఈలోగా పేజీ గడువు తీరిపోతుంది, లేదా తొందరలో నంబరు తప్పు పడుతుంది.

యంత్రం ఇంకా మీ దగ్గరే ఉంటే దాన్ని శుభ్రంగా తుడిచి నేమ్‌ప్లేట్‌కు దగ్గర నుంచి ఒకటి, మొత్తం యంత్రానికి ఒకటి చొప్పున ఫోటోలు తీయండి. మీద కూర్చుని నడిపే మోవర్లలో నేమ్‌ప్లేట్ తరచుగా సీటు కింద ఉంటుంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిన్ల మీద మోడల్, టైప్, కోడ్ అని మూడు అంకెల వరుసలు ముద్రించి ఉంటాయి. వాటిలో కోడ్ తయారీ తేదీతో మొదలవుతుంది. 060315 అని మొదలైతే ఆ ఇంజిన్ 2006 మార్చి 15న తయారైందని అర్థం. బిల్లు పోయినవారికి ఇది బాగా పనికివస్తుంది, ఎందుకంటే ఆ తేదీ కంటే ముందు కొన్నామని పొరపాటున రాయకుండా అది కాపాడుతుంది.

క్రాఫ్ట్స్‌మన్ పేరుతో సియర్స్ అమ్మిన పాత యంత్రాలను చాలా వరకు వేరే సంస్థలే తయారు చేశాయి. మోడల్ నంబరులో చుక్కకు ముందున్న మూడు అంకెలు తయారీదారును సూచిస్తాయి. 247 అంటే ఎంటీడీ అనే సంస్థ, 917 అంటే తరువాత హస్క్‌వర్నా కిందికి వచ్చిన తయారీ విభాగం. నోటీసు తయారీదారుల వారీగా మోడళ్లను చెప్పినప్పుడు ఈ మూడు అంకెలే దారి చూపుతాయి.

బిల్లు దొరకకపోతే ఈ క్రమంలో వెతకండి:

- ఈమెయిల్‌లో దుకాణం పేరుతోను, ఆర్డర్ అన్న మాటతోను వేరువేరుగా వెతకాలి.
- ఆన్‌లైన్‌లో కొంటే ఆ ఖాతాలోని పాత ఆర్డర్ల జాబితాను సంవత్సరం మార్చి చూడాలి.
- పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల ఖాతాలో కార్డు లేదా ఫోన్ నంబరు ద్వారా నమోదైన కొనుగోళ్లు ఉన్నాయేమో చూడాలి, లేదా కౌంటర్ దగ్గర అడగాలి.
- క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లలో తేదీ, మొత్తం చూడాలి. వస్తువు పేరు అందులో ఉండదు కనుక నేమ్‌ప్లేట్ ఫోటోను జత చేయాలి.
- వారంటీ నమోదు చేసినప్పుడు వచ్చిన ఈమెయిల్, మరమ్మతు చేయించిన రసీదు కూడా ఆధారాలే.

చాలా సెటిల్‌మెంట్లలో చిన్న మొత్తాలకు బిల్లు అడగరు. కొన్నది నిజమేనని, అబద్ధమైతే అసత్య ప్రమాణ నేరానికి శిక్షార్హులమని సంతకం చేయించుకుంటారు. ఆ సంతకాన్ని తేలికగా తీసుకోవద్దు. కొనని యంత్రానికి, స్నేహితుడి యంత్రానికి, గుర్తులేని యంత్రానికి క్లెయిమ్ వేయడం చట్టరీత్యా తప్పు. పైగా అటువంటి ప్రతి క్లెయిమూ నిజంగా కొన్నవారి వాటాను తగ్గిస్తుంది. వలస స్థితికి సంబంధించిన దరఖాస్తులు వేయవలసి ఉన్నవారు ముప్పై డాలర్ల కోసం అబద్ధపు ప్రమాణం మీద సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించాలి.

## 6. నాలుగు దారులలో ఒకదాన్ని ఎంచుకోండి

నోటీసు అందిన వ్యక్తి ముందు నాలుగు దారులుంటాయి, వాటిలో ఒకటి ఏమీ చేయకపోవడం.

క్లెయిమ్ వేయడం. మామూలు కొనుగోలుదారుకు ఎక్కువసార్లు తగిన దారి ఇదే. అయితే వచ్చేది ఎప్పుడూ నగదే అనుకోవద్దు. షాప్-వ్యాక్ వాక్యూమ్‌ల పీక్ హార్స్‌పవర్, ట్యాంకు పరిమాణాల మీద నడిచిన దావాలో పెన్సిల్వేనియా మధ్య జిల్లా కోర్టు 2016లో ఆమోదించిన సెటిల్‌మెంట్ కొనుగోలుదారులకు నగదు ఇవ్వలేదు. మోటారుకు 24 నెలల అదనపు వారంటీ, పీక్ హార్స్‌పవర్ అంటే ఏమిటో వివరించే ప్రకటన మార్పులు ఇచ్చింది. వారంటీ ఇచ్చే సెటిల్‌మెంట్‌లో ప్రయోజనం మోటారు కాలిపోయిన రోజునే తెలుస్తుంది కనుక ఆ నోటీసును యంత్రం మాన్యువల్‌తో కలిపి దాచండి.

నగదు సెటిల్‌మెంట్లలో గరిష్ఠంగా అన్న మాటను గమనించాలి. లెక్క ఇలా ఉంటుంది. నిధిలో నుంచి న్యాయవాదుల రుసుము, నోటీసు ఖర్చులు, పరిపాలన ఖర్చులు తీసివేయగా 60 లక్షల డాలర్లు మిగిలాయనుకుందాం. 4 లక్షల క్లెయిములు చెల్లితే సమానంగా పంచినప్పుడు ఒక్కొక్కరికి 15 డాలర్లు వస్తాయి, గరిష్ఠం 35 అని నోటీసులో ఉన్నా సరే.

మినహాయింపు కోరడం. దీన్నే ఆప్ట్ అవుట్ అంటారు. క్లాస్ నుంచి బయటకు వస్తే మీకు డబ్బు రాదు, కానీ సొంతంగా దావా వేసే హక్కు మిగులుతుంది. వ్యాపారానికి పదుల సంఖ్యలో యంత్రాలు కొన్నవారు, పెద్ద నష్టం చూపగలవారు దీన్ని పరిశీలించాలి. లేఖలో కేసు పేరు, నంబరు, మీ పూర్తి పేరు, చిరునామా, మినహాయింపు కోరుతున్నామన్న స్పష్టమైన వాక్యం, సంతకం ఉండాలి, తపాలా ముద్ర గడువులోపు పడాలి. క్లాస్ దావా నడుస్తున్నంతకాలం సభ్యుల వ్యక్తిగత దావాలకు కాలపరిమితి ఆగి ఉంటుందని 1974లో అమెరికన్ పైప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు బయటకు రాగానే ఆ గడియారం మళ్లీ నడవడం మొదలవుతుంది.

అభ్యంతరం తెలపడం. సెటిల్‌మెంట్ అన్యాయంగా ఉందని క్లాస్‌లో ఉంటూనే కోర్టుకు చెప్పవచ్చు. అభ్యంతరానికి కారణాలను నిర్దిష్టంగా రాయాలి. అది మీ ఒక్కరికే వర్తిస్తుందా, క్లాస్‌లో ఒక భాగానికా, మొత్తానికా అన్నది కూడా చెప్పాలని 2018లో సవరించిన 23వ నియమం కోరుతుంది. న్యాయవాదుల రుసుము ఎక్కువైందని ఒక్క వాక్యం రాసి పంపితే దానికి విలువ ఉండదు. ఎంత శాతం, ఎందుకు ఎక్కువ, ఎంత ఉంటే సరిపోతుందో రాయాలి. అభ్యంతరం రాసినవారు క్లెయిమ్ కూడా విడిగా వేసుకోవాలి, ఒకటి మరొకదానికి బదులు కాదు.

ఏమీ చేయకపోవడం. చాలామంది చేసేది ఇదే. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో వెలువరించిన అధ్యయనంలో, క్లెయిమ్ వేయవలసిన సెటిల్‌మెంట్లలో వేసినవారి మధ్యస్థ శాతం 9, క్లాసుల పరిమాణాన్ని బట్టి లెక్కించిన సగటు 4 శాతం. ఊరుకుంటే నష్టమేమీ లేదన్న భావన పొరపాటు. తుది ఆమోదం రాగానే క్లెయిమ్ వేయనివారి హక్కులు కూడా రద్దవుతాయి. డబ్బూ రాదు, దావా వేసే హక్కూ మిగలదు.

ఏ దారి ఎంచుకున్నా రిలీజ్ అనే భాగాన్ని చదవండి. మీరు వదులుకుంటున్న హక్కులు అందులో ఉంటాయి. శరీరానికి తగిలిన గాయాలకు సంబంధించిన హక్కులను దాని నుంచి మినహాయించారో లేదో ప్రత్యేకంగా చూడాలి. మినహాయించకపోతే, గాయపడినవారు గడువులోపు న్యాయవాదిని కలవడం తప్పనిసరి.

## 7. ఫారం నింపేటప్పుడు

తెలుగువారి ఫారాలలో ఎక్కువ చిక్కు తెచ్చేది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, బ్యాంకు ఖాతాలో మరొక వరుసలో, దుకాణం ఖాతాలో పొట్టి పేరుతో ఉంటుంది. చెక్కు ఏ పేరున రావాలో అదే పేరును, అంటే మీ బ్యాంకు ఖాతాలో ఉన్న పేరును అదే వరుసలో రాయండి. కొనుగోలు వేరే పేరుతో ఉంటే, ఉదాహరణకు కార్డు భార్యదో భర్తదో అయితే, వారి పేరుతోనే క్లెయిమ్ వేయడం మేలు. ఒకే యంత్రానికి ఇద్దరూ వేస్తే రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

సమర్పించే ముందు ఈ జాబితాతో సరిచూసుకోండి:

- పోస్టుకార్డు మీద ప్రత్యేక ఐడీ, పిన్ నంబర్లు ఉంటే వాటిని వేశారా?
- మోడల్, సీరియల్ నంబర్లు ఫోటోతో అక్షరం అక్షరం సరిపోయాయా? సున్నాకూ ఇంగ్లిష్ ఓ అక్షరానికీ తేడా చూశారా?
- కొన్న తేదీ క్లాస్ కాలంలో ఉందా? రోజు గుర్తులేకపోతే నెల, సంవత్సరం రాయడానికి ఫారం ఒప్పుకుంటుందా?
- ప్రతి యంత్రానికి విడి వరుస నింపారా?
- చెల్లింపు విధానం ఎంచుకున్నారా? దేశం విడిచి వెళ్లేవారు కాగితపు చెక్కు వద్దనుకోవాలి, డాలర్ చెక్కును భారతదేశంలో మార్చుకోవడం ఖర్చుతోను, ఆలస్యంతోను కూడిన పని.
- సంతకం, తేదీ ఉన్నాయా?

తపాలాలో పంపేవారు ఫారం నకలు ఉంచుకుని, పంపిన రుజువు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపేవారు ధ్రువీకరణ నంబరు కనిపించే పేజీని పీడీఎఫ్‌గా దాచుకోవాలి.

## 8. పంపిన తరువాత

లోపం ఉందని పరిపాలక సంస్థ లేఖ రాస్తే, దానికి జవాబు ఇవ్వడానికి కొద్ది వారాల గడువే ఉంటుంది. ఆ ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడి గడువు దాటిపోవడం తరచుగా జరుగుతుంది కనుక పరిపాలకుడి ఈమెయిల్ చిరునామాను కాంటాక్టులలో చేర్చుకోండి. ఉద్యోగం మారి ఇల్లు మారితే తపాలా శాఖకు చెప్పడంతో సరిపోదు, పరిపాలకుడికి కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి. తుది విచారణ తేదీ వాయిదా పడవచ్చు కాబట్టి సెటిల్‌మెంట్ సైటును నెలకోసారి చూస్తే చాలు. చెక్కు మీద ఉండే చెల్లుబాటు తేదీ దాటితే మళ్లీ ఇస్తారన్న హామీ లేదు, అందిన వారంలోనే జమ చేయండి.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దే మార్గాలు

మోడల్ నంబరుకు బదులు ఇంజిన్ నంబరు రాయడం. మోవర్‌కు ఒక నంబరు, దాని ఇంజిన్‌కు మరొక నంబరు ఉంటాయి. గడువు ముగియకపోతే ధ్రువీకరణ నంబరుతో పరిపాలకుడికి రాసి సవరణ కోరండి. రెండవ క్లెయిమ్ కొత్తగా వేయవద్దు, నకిలీ క్లెయిమ్‌గా లెక్కించవచ్చు.

మినహాయింపు లేఖ, క్లెయిమ్ ఫారం రెండూ పంపడం. ఏది చెల్లుతుందన్నది నోటీసులోనే ఉంటుంది. మీ ఉద్దేశం ఏమిటో గడువులోపు ఒక్క వాక్యంలో రాసి పంపండి.

గడువు దాటిపోవడం. ఆలస్యపు క్లెయిములను తీసుకునే విచక్షణ కొన్ని సెటిల్‌మెంట్లలో ఉంటుంది. కారణం రాసి వెంటనే పంపండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

యంత్రాన్ని పారేయడం. నేమ్‌ప్లేట్ ఫోటో తీయకుండా పారేసినవారికి పాత మాన్యువల్, వారంటీ కార్డు, మరమ్మతు రసీదుల మీద మోడల్ నంబరు దొరకవచ్చు.

డబ్బిస్తే క్లెయిమ్ వేసి పెడతామనేవారిని నమ్మడం. ఈ ఫారం నింపడానికి మధ్యవర్తి అక్కరలేదు. సందేహం ఉంటే నోటీసులో పేరున్న క్లాస్ న్యాయవాదులకు ఫోన్ చేయండి, సభ్యుల ప్రశ్నలకు జవాబివ్వడం వారి బాధ్యత, దానికి మీ నుంచి విడిగా రుసుము తీసుకోరు.

## 10. మీ యంత్రం మీద సెటిల్‌మెంటే లేకపోతే

పెట్టె మీది అంకెకూ నేమ్‌ప్లేట్‌కూ పొంతన లేదు, కానీ ఏ దావా లేదు. అప్పుడు మొదటి ప్రయత్నం దుకాణంలో వాపసు, రెండవది తయారీదారుకు రాతపూర్వక ఫిర్యాదు. లేఖలో లెక్క చూపండి: ప్రకటించిన హార్స్‌పవర్ ఎంత, నేమ్‌ప్లేట్ ప్రకారం వాట్లు ఎన్ని, ఏమి కోరుతున్నారు. కాలిఫోర్నియా వినియోగదారుల చట్టం కింద నష్టపరిహారం కోరాలన్నా, మసాచుసెట్స్‌లో వినియోగదారుల రక్షణ చట్టమైన 93ఏ అధ్యాయం కింద దావా వేయాలన్నా, 30 రోజుల ముందు డిమాండ్ లేఖ ఇవ్వడం సాధారణంగా అవసరం. అందువల్ల మొదటి లేఖనే తేదీతో, పంపిన రుజువుతో పంపడం మంచిది.

తరువాత మీ రాష్ట్ర అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికీ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. కమిషన్ మీ ఒక్కరి వివాదాన్ని పరిష్కరించదు, కానీ ఒకే సంస్థ మీద ఫిర్యాదులు చేరినప్పుడు విచారణకు అవి ఆధారమవుతాయి. యంత్రం ధర ఎక్కువైతే న్యాయవాది లేకుండానే, చిన్న మొత్తాల వివాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లే వీలుంది.

కొత్తగా కొంటున్నవారు పెట్టె తెరిచిన రోజునే ఆర్బిట్రేషన్ నిబంధన (కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గరే వివాదం తేల్చుకోవాలన్న షరతు) ఉందేమో మాన్యువల్‌లోను, ఆన్‌లైన్ ఖాతా షరతులలోను చూడాలి. వినియోగదారుల ఒప్పందాలలో క్లాస్ దావా హక్కును వదులుకునే ఆర్బిట్రేషన్ నిబంధనలను ఫెడరల్ చట్టం సమర్థిస్తుందని 2011లో కాన్సెప్షన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొన్ని సంస్థలు ఆ నిబంధన నుంచి తప్పుకోవడానికి కొన్న తరువాత 30 రోజుల వంటి చిన్న గడువు ఇస్తాయి. ఆ అవకాశం ఉంటే ఈమెయిల్ లేదా లేఖ పంపి నకలును బిల్లుతో, నేమ్‌ప్లేట్ ఫోటోతో, పెట్టె మీది ప్రకటన ఫోటోతో కలిపి ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.